తిప్పర్తి తొవ్వకు సైక్లోక్రాస్ బండి: ఒక ఏఈఓ సారు కేసు

జూన్ రెండో వారం. నార్లు ఇంకా పోయలేదు. ఒక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) నల్లగొండలో నా సైకిల్ షాపుకు వచ్చి ఫోన్లో ఫోటో చూపించారు. హైదరాబాద్‌లో ఎవరో అమ్మకానికి పెట్టిన సెకండ్ హ్యాండ్ సైక్లోక్రాస్ బండి, ధర 38,000.

"అన్నా, ఇది మనకు నడుస్తదా?"

"నడుస్తది సార్, గని ముందుగాల మీ తొవ్వ సూడాలె" అన్నాను.

సారుకు 36 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. నల్లగొండలో ఇల్లు, తిప్పర్తి దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్తే డ్యూటీ. వారానికి మూడు నాలుగు రోజులు సైకిల్ మీదే పోయిరావాలని కోరిక. అప్పటికే ఒక సంవత్సరం ముందు షాకబ్జర్ ఫోర్కు ఉన్న బరువు బండి ఒకటి కొన్నారు, నెల తిరక్కుండానే అది వరండాలో తువ్వాళ్లు ఆరేసుకునే స్టాండయింది. సైక్లోక్రాస్ అనే మాట ఆయనకు ఒక వీడియోలో దొరికింది. కిందికి వంపు తిరిగిన డ్రాప్ హ్యాండిల్ ఉంటుంది, మట్టిలో పోతుంది, చూడ్డానికి రేసు బండిలా ఉంటుంది. ఇంకేం కావాలి?

ఈ జాతి బండి ఎందుకు పుట్టిందో తెలియకపోతే దాని గుణం అర్థం కాదు. యూరప్‌లో చలికాలంలో బురద పొలాల్లో, గడ్డిలో, ఇసుకలో సుమారు గంట సేపు సాగే పందెం ఇది. ఫ్రాన్స్‌లో 1902లోనే జాతీయ పోటీ పెట్టారు, ప్రపంచ పోటీ 1950లో మొదలైంది. అడ్డుగా చెక్కలు, మెట్లు వస్తే దిగి, బండిని భుజాన వేసుకుని పరిగెత్తాలి. పై రాడ్డు కింద చెయ్యి దూరేలా ఖాళీ వదలడం, చాలా ఫ్రేముల్లో కేబుళ్లను బురదకు దూరంగా పై రాడ్డు వెంబడి నడిపించడం అందుకే. పెడళ్ల ఇరుసు రోడ్డు బండి కన్నా కాస్త ఎత్తులో ఉండేది ఎగుడుదిగుడు నేలకు పెడళ్లు తగలకుండా. గంట పందేనికి క్యారియర్ ఎందుకు, మడ్‌గార్డు ఎందుకు? కాబట్టి అవి బిగించే కన్నాలు చాలా వాటికి ఉండవు. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించొద్దని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమం. ఇలాంటి వెడల్పు నియమాల వల్లే పాత ఫ్రేముల్లో పెద్ద టైరుకు పెద్దగా చోటుండదు. డిస్క్ బ్రేకులకు ఈ పందేల్లో 2010లో అనుమతి వచ్చింది. అంతకుముందు తయారైన బండ్లకు ఎక్కువగా క్యాంటిలీవర్ బ్రేకులే. అలాంటిది ఎంత తక్కువకు వచ్చినా రోజువారీ తిరుగుడుకు నేను వద్దనే అంటాను. వానలో, బురదలో ఆ రబ్బరు ముక్కలు రిమ్మును పట్టేలోపు ఎదురుగా వచ్చే బర్రె మీద పడతాం.

భుజాన మోసే బండిని, మన బరువు మోసే బండిగా మార్చగలమా? కేసంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

తొవ్వ కొలత

ఆదివారం పొద్దున ఐదున్నరకు ఇద్దరం బయల్దేరాం. సారు తన పాత బరువు బండి మీద, నేను నా రోడ్డు సైకిల్ మీద. నోట్‌బుక్కులో రాసుకున్నది ఇది: మొత్తం 28 కిలోమీటర్లు. అందులో 17 అద్దంకి–నార్కట్‌పల్లి హైవే, 6 గుంతల బీటీ రోడ్డు, 5 కాలువ కట్ట. సారుకు పట్టిన సమయం గంటా 48 నిమిషాలు.

హైవే మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. తెల్లగీత బయట చోటు ఉంది, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు పక్కనుంచి పోయినప్పుడు గాలి ఒక్కసారి లాగి వదులుతుంది, అంతే. అసలు సంగతి తిరుగు ప్రయాణంలో ఉంది. తిప్పర్తి మనకు తూర్పు వైపు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచేది పడమటి గాలి. అంటే పొద్దున వీపు తడుతుంది, సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చేటప్పుడు 17 కిలోమీటర్లు ఛాతీ మీద నెడుతుంది. నిటారు హ్యాండిల్ హైబ్రిడ్ బండి ధర తక్కువ, నేను మొదట దాన్నే చెబుదామనుకున్నాను. కానీ ఆ గాలిలో వంగి కూర్చోవడానికి కింది పట్టు లేకపోతే ఈయన మళ్లీ నెలకే మానేస్తారని ఆ రోజే అనిపించింది.

బీటీ రోడ్డు మీద గుంతల కన్నా వడ్లే నాకు భయం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు కాబట్టి కోతలప్పుడు రైతులు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, అంచున రాళ్లు, రాత్రయితే పైన పరదా. తారు మీద పరిచిన వడ్ల మీద బ్రేకు కొడితే టైరు కింద బేరింగు గోలీలు పోసినట్టే. రైతును తప్పు పట్టే మాట కాదు, ఆయనకు కల్లం ఎక్కడుంది? సైకిల్ ఎంపికలో మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. చీకటి పడితే ఆ రాళ్లు కనిపించవు. కాబట్టి లైటు అనేది సోకు కాదు, ఖర్చులో మొదటి వరసలో రాయాల్సింది.

ఇక కాలువ కట్ట. పైన ఎర్ర చెల్క మట్టి, ఎండాకాలం రోడ్డంత గట్టిగా ఉంటుంది. వాన పడితే ఒక అర కిలోమీటరు రేగడి ముక్క తగులుతుంది, అక్కడ టైరుకు పిండిముద్దలా అంటుకుంటుంది. కట్ట పొడవునా సర్కారు తుమ్మ. రైతులు కంప కొట్టి దడి వేస్తారు, రాలిన ముళ్లు బాటలోనే పడి ఉంటాయి. ఆ రోజు మా ఇద్దరి టైర్ల నుంచి ఏడు ముళ్లు పీకాను. దిగనివి అదృష్టం, దిగినవి రెండు.

బరువు సంగతి అడిగితే సారు నవ్వారు. సద్ది డబ్బా, రెండు లీటర్ల నీళ్లు, ఒక జత బట్టలు, ట్యాబ్, కాగితాలు. కొన్ని రోజులు మట్టి నమూనాల సంచులు, ఒక్కోటి అర కిలో. 6 కిలోలు ఖాయం, నమూనాలు ఉన్న రోజు 9.

బండి చూడ్డం

గ్రావెల్ బండి, అంటే కంకర బాటల కోసమే చేసిన డ్రాప్ హ్యాండిల్ బండి, ఎందుకు వద్దు అని తోటి మెకానిక్ ఒకాయన అడిగాడు. వద్దని కాదు. పెడళ్ల ఇరుసు కాస్త కిందికి, చక్రాల మధ్య దూరం ఎక్కువ, టైరుకు 40 మిల్లీమీటర్ల పైన చోటు, క్యారియర్ కన్నాలు. ఈ తొవ్వకు కాగితం మీద అదే సరైనది. కానీ సారు పెట్టగలిగింది అన్నీ కలిపి 50,000. ఆ డబ్బుకు డిస్క్ బ్రేకులు, మంచి గేర్లతో కొత్త గ్రావెల్ బండి మాకు దొరకలేదు. అందుకే ఫోటోలోని బండిని చూడ్డానికి బస్సెక్కాం.

అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, ముందు 46–36 పళ్ల చక్రాలు, వెనక పది స్పీడు 11 నుంచి 28 దాకా. అమ్మే ఆయన దాన్ని అనంతగిరి అడవి బాటల్లో తొక్కారట. వెనక ఫ్రేము కాళ్ల లోపల బురద గీరిన మచ్చలున్నాయి, లోతు లేదు. ఫోర్కు స్టీరర్, అంటే హ్యాండిల్ కింద ఫ్రేములోకి దూరే గొట్టం, బయటికి తీయించి, వెలుతురులో తిప్పి చూసి, గోటితో తట్టి విన్నాను. కార్బన్‌లో బీట ఉంటే గణగణ పోయి మొద్దు శబ్దం వస్తుంది. ఇది శుభ్రంగానే పలికింది. డిస్కు మందం 1.6 మిల్లీమీటర్లు. కొత్తది 1.8 ఉంటుంది, 1.5కు వస్తే మార్చాలి. చైను సాగిపోయింది. ఈ రెండూ చూపించి ధర 34,000కు దించాం.

నన్ను ఒప్పించినవి మూడు సంగతులు. మొదటిది గేర్లు. చాలా రోడ్డు బండ్లకు ముందు 50–34 ఉంటుంది. గంటకు 23, 24 కిలోమీటర్ల వేగంలో ఆ రెంటి మధ్య ఊగిసలాడుతూ మాటిమాటికీ మార్చుకోవాల్సి వస్తుంది. 46–36లో ఆ వేగం వెనక చక్రాల నడిమధ్యలో పడుతుంది. నిమిషానికి 85 తొక్కుళ్లతో 36 పళ్ల మీద, వెనక 17 వేస్తే 23 చిల్లర. పందెం కోసం పెట్టిన పళ్లు మన చదును నేలకు ఇంత బాగా కుదరడం చూస్తే నాకు ముచ్చటేసింది. రెండోది బ్రేకు. కేబుల్ తెగితే తిప్పర్తిలో ఏ సైకిల్ షాపులోనైనా తీగ దొరుకుతుంది. ఆయిల్ బ్రేకు అయితే గాలి తీయడానికి నా దగ్గరికే రావాలి. మూడోది వెనక హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పు, 135 మిల్లీమీటర్లు. మామూలు మౌంటెన్ బండ్లలో వాడే కొలతే కాబట్టి రేపు హబ్బు పోయినా వెతుక్కోనక్కర్లేదు.

తగ్గేవీ రాసుకున్నాను. క్యారియర్ కన్నాల్లేవు. టైరు చోటు వెనక 43 మిల్లీమీటర్లు, రెండు పక్కలా నాలుగేసి వదిలితే 35 కన్నా పెద్దది పట్టదు. ఫ్రేము 54 సైజు. పై రాడ్డు మీద నిలబెట్టి చూశాను, రెండు వేళ్ల ఖాళీ ఉంది. సరిపోతుందన్నాను. ఆ మాట తొందరపడి అన్నదే, తర్వాత తెలిసింది.

నేను చేసిన తప్పులు

బండితో వచ్చిన గుబ్బల టైర్లు, 33 మిల్లీమీటర్లవి, బాగానే ఉన్నాయి. మట్టి ఉంది కదా, ఉండనీ అనుకున్నాను. తొమ్మిది రోజుల్లో నాలుగు పంక్చర్లు. పందెం టైరు నడుమ పలచగా ఉంటుంది, బురదను విదిలించాలి తప్ప ముల్లును ఆపాల్సిన పని దానికి లేదు. పైగా హైవే మీద ఆ గుబ్బలు గుయ్యిమంటూ కాళ్ల బలమంతా తినేశాయి. సారు నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు గొంతులో మర్యాద అలాగే ఉంది, నాకే సిగ్గేసింది.

ట్యూబ్‌లెస్ చేద్దామా అనుకున్నాం. రిమ్ములు దానికి తగినవి కావు. తగినవే అయినా మన దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది. లోపల పోసే రబ్బరు పాలు ఎండకు ఆరిపోతాయి. ఆఫీసు ముందు నీడ లేని చోట నిలబెట్టే బండికి నేను వేసవిలో ఆరు వారాలకోసారి పోసుకోవాల్సి వచ్చింది. పోయడం మరిచిపోయిన వారమే ముల్లు దిగుతుంది. చివరికి నడుమ మందపాటి రబ్బరు పొర ఉన్న నున్నటి 35 టైర్లు వేశాను. ఒక్కోటి పాతదాని కన్నా పావుకిలో పైనే ఎక్కువ బరువు. చేతిలో పట్టుకుని సారు ముఖం చిట్లించారు. "బండి తేలిగ్గుండాలని గదా అన్నా తెచ్చుకున్నది?" నిజమే. కానీ కట్ట మీద కూర్చుని ట్యూబు అతికించే పావుగంట ముందు పావుకిలో ఎంత?

ఇంకో చిన్న చిక్కు వాల్వు. ఈ ట్యూబులకు ఉండేది సన్నటి ప్రెస్టా వాల్వు. ఊళ్లో పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి తాళంచెవి గుత్తికి కట్టించాను. దాంతో కొత్త సమస్య వచ్చింది. షాపు అబ్బాయి ఉదారంగా గాలి 80 పీఎస్ఐ దాకా కొట్టి పంపాడు. మరుసటి వారం సారు చేతి చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చారు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. అప్పుడు గానీ సరిగ్గా కొలవలేదు. కాలి లోపలి కొలత 79 సెంటీమీటర్లు, దాన్ని 0.883తో గుణిస్తే సీటు ఎత్తు 69.8 వస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ చేతులు మరీ ముందుకు చాచాల్సి వస్తోంది, బరువు అరచేతుల మీద పడుతోంది. ఇరుసు ఎత్తుగా ఉన్న బండికి నిలబడి చూసే కొలత ఒక్కటే చాలదు, ఆయనకు ఒక సైజు చిన్నదే నప్పేది. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే 100 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 80ది వేశాను, హ్యాండిల్ ఒక సెంటీమీటరు లేపాను. అదే రోజు గాలి కూడా ముందు 45, వెనక 55కు దించాను. తిమ్మిరి పోయింది. దేనివల్ల పోయింది? ఒకేసారి రెండూ మార్చడంతో చెప్పలేని పరిస్థితి. మూడు వారాల తర్వాత గాలి మళ్లీ 80కి పెంచి రెండు రోజులు తొక్కమన్నాను. పాపం ఆయన తొక్కారు. తిమ్మిరి కొద్దిగా తిరిగొచ్చింది. పెద్ద దోషి గాలే అని నా లెక్క, స్టెమ్ కూడా కొంత. ఇప్పుడు చిన్న చేతిపంపు బ్యాగులోనే ఉంటుంది, కంప్రెసర్ దగ్గరికి పోవడమే లేదు.

క్యారియర్ మాత్రం మొదటిసారే కుదిరింది. సీటు పట్టీ తీసి, రెండు మరల కన్నాలున్న పట్టీ వేశాను. కింద ఫ్రేము కాళ్లకు రబ్బరు చుట్టి పి ఆకారపు క్లాంపులు బిగించాను. డిస్కును పట్టే బ్రేకు కాలిపర్‌కు తగలకుండా ఎడమ పక్క ఒక బుష్ అదనంగా పెట్టాల్సి వచ్చింది. 10 కిలోలు దాటించొద్దని రంగు పెన్నుతో క్యారియర్ మీదే రాశాను. ముందు ఫోర్కు కార్బన్‌ది కాబట్టి దానికి క్లాంపు బిగించే మాటే లేదు. సంచి నిండిందని ముందు ఏదైనా కట్టుకుంటానంటే చేతులెత్తి దండం పెట్టాను.

మడ్‌గార్డులు పట్టీలతో కట్టే రకం. ముందుది కాలి బొటనవేలికి తగిలింది. ఈ బండ్లలో మెల్లగా మలుపు తిప్పినప్పుడు బూటు ముందు టైరుకు తగలడం ఉంటుంది, మడ్‌గార్డు దాన్ని ఇంకా పెంచింది. కట్ట మీద ట్రాక్టరు ఎదురొస్తే బండి తిప్పబోయి సారు పక్కకు ఒరిగారు. దెబ్బ తగల్లేదు, మడ్‌గార్డు పుల్ల విరిగింది. కింది కొస 4 సెంటీమీటర్లు కోసేశాను. వాన పడితే బూట్లు కొంచెం తడుస్తాయి. అదీ లెక్కే.

ఆరు నెలల చిట్టా

జూలై నుంచి డిసెంబరు దాకా సారు క్యాలెండర్ మీద టిక్కులు పెట్టారు. 62 రోజులు, 3,472 కిలోమీటర్లు. పొద్దున సగటున గంటా పావు, సాయంత్రం గంటా 25 నిమిషాలు. ఆగస్టులో గాలి బలంగా ఉన్న ఒక సాయంత్రం గంటా 50 పట్టిందట. టైర్లు మార్చాక పంక్చర్లు రెండే. ఒకటి ముల్లు కాదు, హైవే మీద లారీ టైరు నుంచి ఊడిన సన్నటి ఇనుప తీగ.

మొదటి జత బ్రేకు ప్యాడ్లు 1,700 కిలోమీటర్లకే అరిగాయి. ఎర్రమట్టి నీళ్లతో కలిస్తే గరుకు కాగితమే. తర్వాత లోహపు పొడి ప్యాడ్లు వేశాను, కీచుమంటాయి గానీ నిలిచాయి. బండితో వచ్చిన చైనును జూలైలోనే మార్చాను, కొత్తది 2,900కు అరుగుదల గేజీలో సగం గీత దాటింది. వడ్ల దుమ్ము, కాలువ దుమ్ము రెండూ తిన్న చైనుకు ఇంతకన్నా ఆయుష్షు ఆశించను. ఆరబెట్టిన బట్టతో వారానికోసారి తుడవమన్నాను, రెండు వారాలకోసారి తుడుస్తున్నారని బట్ట చూస్తేనే తెలుస్తుంది.

ఖర్చు: బండి 34,000. టైర్లు 4,600, ట్యూబులు 900. క్యారియర్, క్లాంపులు 1,850. మడ్‌గార్డులు 1,100, స్టెమ్ 650, ప్యాడ్లు 500, లైట్లు 2,400, చైను 1,300, తీగలు 400, నా కూలి 1,500. మొత్తం 49,200. రెండో చైను ఖర్చు మాత్రం ఇంకా ఇందులో పడలేదు. అప్పటి పెట్రోలు ధర లీటరు 107 లెక్కన, బైకు 50 ఇస్తే రోజుకు 120 రూపాయలు, 62 రోజులకు 7,440 మిగిలాయి. పెట్రోలు కోసం సైకిల్ కొంటామనే వాళ్లకు ఈ చిట్టానే చూపిస్తున్నాను, సగం మంది అక్కడే ఆగిపోతారు. సారు మాత్రం నడుము కొలత చెబుతారు, అది నా పద్దులోకి రాదు.

ఏప్రిల్ చివరి నుంచి మే అంతా ఆయన మోటార్ సైకిల్ మీదే పోతానన్నారు, నేనూ అదే చెప్పాను. కొనుగోలు కేంద్రాల పనిలో మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణమైతే 44 డిగ్రీల్లో హైవే మీద ఏ జాతి సైకిలూ పనికిరాదు.

ఇదే బండి తొవ్వంతా హైవే ఉన్న మనిషి అడిగితే ఇవ్వను, 28 మిల్లీమీటర్ల టైర్లున్న మామూలు రోడ్డు బండి చూపిస్తాను. కాలువ కట్టే 15 కిలోమీటర్లుంటే డబ్బులు జమ అయ్యేదాకా ఆగి గ్రావెల్ తీసుకోమంటాను. ఈ తొవ్వలో చెడ్డ ముక్క 11 కిలోమీటర్లు, ఎదురుగాలి ముక్క 17. రెంటికీ కాస్త కాస్త సర్దుకునే బండి కావాల్సి వచ్చింది, అది ఆ ధరకు దొరికింది.

మొన్న సోమవారం సారు మళ్లీ వచ్చారు. 36 పళ్ల చక్రం కొసలు సొరచేప పళ్లలా వంగాయి. పాత చైను దాన్ని ముందే తినేసి ఉంటుంది, కొనేటప్పుడు చైనుతో పాటు దాన్నీ చూపించి ఇంకో వెయ్యి తగ్గించాల్సింది. బోల్టుల వలయం 110 మిల్లీమీటర్లది కాబట్టి 34 పళ్లది కూడా పడుతుంది, గాలి కాలానికి అది హాయి. కానీ 46 నుంచి 34కు దూకుడు ఎక్కువవుతుందని ఆయనకు ఇష్టం లేదు. 36దే ఆర్డరు పెట్టాను, వారంలో వస్తుంది. అందాకా పాతదాని మీదే తొక్కుతానని, క్యారియర్ మీది మట్టి సంచులు ఒకసారి బిగించుకుని, తిప్పర్తి వైపు వెళ్లిపోయారు.